ఇంట్లో కట్టిన లీనియర్‌లో హెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు సొంతంగా లీనియర్ (రేడియో పవర్ పెంచే యాంప్లిఫయర్) కట్టుకున్న హామ్‌లు, అంటే అభిరుచితో రేడియో నడిపేవాళ్లు, ఫోన్లోనూ, ఎయిర్‌ మీదా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇక రాసి పెడదామనుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ లెక్కలు మామూలుగా గది వేడి 25, మహా అయితే 40 డిగ్రీలు అనుకుని వేస్తారు. మనది రోహిణి కార్తెలో రోళ్లు పగిలే నేల. మే నెలలో బయట 44 ఉంటే రేకుల గదిలో, అందులోనూ మూత బిగించిన డబ్బాలో ఎంత ఉంటుందో మీరే చూసుకోండి.

ముందే ఒక మాట. ఈ డబ్బాలో హెచ్‌టీ, అంటే ట్యూబులకిచ్చే హై ఓల్టేజ్, 1500 ఓల్టులకు తక్కువ ఉండదు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లు చంపగలవు. బ్లీడర్ (కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టర్) ఉందని ధైర్యం చేయకుండా, మీటర్ సున్నా చూపించాక కూడా, కొసన ఎర్త్ చేసిన లోహపు కొక్కెం ఉన్న కర్రతో హెచ్‌టీని షార్ట్ చేసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

లోడ్ లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చగా ఉంటుంది. అదేమైనా తప్పా?

తప్పేం కాదు. వేడి రెండు చోట్ల పుడుతుంది. ఇనుప కోర్‌లో పుట్టేది స్విచ్ వేసిన క్షణం నుంచి ఉంటుంది, మీరు మైకు పట్టినా పట్టకపోయినా. రాగి చుట్టలో పుట్టేది కరెంటు పారినప్పుడే, అదీ కరెంటు వర్గాన్ని బట్టి. అంటే కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. లోడ్ లేకుండానే గంటలో చెయ్యి కాలేంత అయితే మాత్రం రాగిని వదిలేసి కోర్‌ను అనుమానించండి. కిందనే ఓల్టేజ్ ప్రశ్న ఉంది, చూడండి.

చెయ్యి పెట్టి చూస్తే సరిపోదా?

చెయ్యి చెప్పేది పైతోలు సంగతి. 60 డిగ్రీలు దాటిన ఇనుము మీద ఎవరి చెయ్యీ నిలవదు, కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కు 60 ఒక లెక్క కాదు. పైన 65 ఉన్నప్పుడు లోపలి పొరల్లో 100 ఉండొచ్చు. మనకు కావలసింది ఆ లోపలి సంగతి.

కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్లు తీసుకొచ్చి చూపించినవాళ్లూ ఉన్నారు. అవి జ్వరం చూడటానికి చేసినవి, 43 దగ్గరే చేతులెత్తేస్తాయి. పరిశ్రమల్లో వాడే ఐఆర్ గన్ అయినా మెరిసే రాగి మీద, అల్యూమినియం మీద తక్కువ చూపించి మోసం చేస్తుంది. చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి.

మరి లోపలి వేడి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా సగం ప్రశ్నలు అడగాల్సిన పని ఉండదు. రాగికి వేడి ఎక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.39 శాతం. కాబట్టి చుట్టే మనకు థర్మామీటర్.

ఉదయం, రాత్రంతా ఆపి ఉంచిన ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మెయిన్ కరెంటు ఇచ్చే చుట్ట) రెసిస్టెన్స్ కొలిచి, గది వేడితో పాటు రాసుకోండి. మామూలు మల్టీమీటర్‌తో ఒక ఓం లోపు విలువలు సరిగా రావు. ఏది వేడో, ఏది ప్రోబు వైరు తేడానో తెలియదు. బెంచ్ సప్లై నుంచి సరిగ్గా ఒక ఆంపియర్ డీసీ పంపి, టెర్మినళ్ల దగ్గరే మిల్లీఓల్టులు చదవండి. 800 మిల్లీఓల్టులు వస్తే 0.80 ఓం.

తర్వాత మీరు రోజూ ఎలా వాడతారో అలాగే రెండు గంటలు వాడండి. ఆపి, ప్లగ్గు పీకి, హెచ్‌టీ షార్ట్ చేసి, అర నిమిషంలోపు మళ్లీ కొలవండి. ఇప్పుడు 1.00 ఓం వచ్చిందనుకుందాం. లెక్క ఇది: చల్లటి వేడికి 235 కలపండి, వేడి రెసిస్టెన్స్‌ను చల్లటి రెసిస్టెన్స్‌తో భాగించి దానితో గుణించండి, వచ్చినదాంట్లోంచి 235 తీసేయండి. ఉదయం గది 30 అయితే, 265ను 1.25తో గుణిస్తే 331. అందులోంచి 235 పోతే 96 డిగ్రీలు. ఇది చుట్ట మొత్తానికి సగటు. లోపల ఎక్కడో ఒక మూల ఇంకో 10, 15 ఎక్కువే ఉంటుంది.

ఇందులో ఒక కాటు ఉంది. ఒక ఆంపియర్ పారుతున్న ప్రైమరీ వైరును చటుక్కున ఊడదీస్తే సెకండరీలో (హెచ్‌టీ వచ్చే చుట్టలో) పెద్ద ఓల్టేజ్ ఎగురుతుంది. అందుకే ఊడదీసే ముందు సప్లై నాబ్‌ను సున్నాకు తిప్పేయండి. నేను తిప్పకుండా ఒకసారి లాగాను. మోచేతి దాకా జిల్లుమంది.

ఎంత వరకు ఫరవాలేదు?

లోపల వాడిన కాగితం, ఎనామెల్, టేపును బట్టి ఉంటుంది. క్లాస్ ఏ అయితే 105, క్లాస్ ఈ 120, క్లాస్ బీ 130, ఎఫ్ 155, హెచ్ 180 డిగ్రీలు. ఇవి ట్రాన్స్‌ఫార్మర్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటుకు చెప్పినవి. పాత సరుకులో ఏం వాడారో తెలియకపోతే క్లాస్ ఏ అనుకోవడమే మంచిది. అంటే పైన చెప్పిన లెక్కలో 96 వచ్చినవాళ్లు గీత దాటేసినట్టే. దాటిన ప్రతి పది డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని పాత లెక్క ఒకటి ఉంది. అలా అని ఆరోజే కాలిపోదు. రెండు వేసవులు బాగానే నడిచి మూడో వేసవిలో పోతుంది. అప్పుడు మనం ట్యూబును తిట్టుకుంటాం.

పది నిమిషాలు ఫుల్ పవర్‌లో టెస్ట్ చేశాను, చల్లగానే ఉంది. ఇక సరేనా?

పన్నెండు కిలోల ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకోండి. అందులో 60 వాట్ల వేడి పుడుతోందనుకుంటే, ఆ బరువంతా ఒక డిగ్రీ ఎక్కడానికి నిమిషంన్నర పడుతుంది. పది నిమిషాలకు ఆరేడు డిగ్రీలు. మీకు తెలియను కూడా తెలియదు. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మట్టికుండ లాంటిది కాదు, ఇటుకబట్టీ లాంటిది. మెల్లగా ఎక్కుతుంది, ఎక్కాక మెల్లగా దిగుతుంది. కాంటెస్ట్ రోజు మూడో గంటలో ఉండే వేడే అసలు వేడి. లీనియర్ ఆపాక ఫ్యాన్‌ను వెంటనే ఆపకుండా పావుగంట తిరగనివ్వమనేదీ ఇందుకే.

మా ఊళ్లో పగలు 190, అర్ధరాత్రి 255 ఓల్టులు వస్తాయి. తేడా పడుతుందా?

చాలా పడుతుంది. అందరూ లో ఓల్టేజ్‌కు భయపడతారు, నాకు మాత్రం 255 అంటేనే భయం. ఊళ్లో మోటార్లన్నీ ఆగిపోయి, బ్యాండు బాగా తెరుచుకునే రాత్రి వేళ లైను పైకి లేస్తుంది. 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 255 ఇస్తే కోర్ నష్టం దాదాపు పావు వంతు పెరుగుతుంది. కోర్‌ను పొదుపుగా, అంచు మీద డిజైన్ చేసి ఉంటే అది శాచురేట్ అయి (ఇక అయస్కాంత శక్తిని మోయలేక) లోడ్ లేని కరెంటే రెట్టింపు కావచ్చు. గుర్తు ఏమిటంటే, హమ్ మామూలు కంటే గరగరగా మారుతుంది, కోర్ ముందు వేడెక్కుతుంది.

మందు సులువే. ప్రైమరీకి 210, 230, 250 అని మూడు ట్యాపులు పెట్టించి, రాత్రి పూట 250 ట్యాపు వాడండి. ఫ్యాన్ ఏదీ ఇంత మేలు చేయదు. అమెరికా సరుకు కొన్నవాళ్లకు ఇంకో సంగతి: 60 హెర్ట్జ్‌కు చేసినదాన్ని అదే ఓల్టేజ్‌తో మన 50 హెర్ట్జ్ మీద నడిపితే కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం ఎక్కువ. లేబుల్ మీద 50/60 అని లేకపోతే కొనకముందే ఆలోచించుకోండి.

300 మిల్లీఆంపులే తీస్తున్నాను, సెకండరీ 350కి చుట్టించాను. అయినా ఎందుకు కాలుతోంది?

మీరు చెప్పేది డీసీ మీటర్ సంగతి. బ్రిడ్జ్ రెక్టిఫైయర్ తర్వాత నేరుగా కెపాసిటర్ ఉంటే, సెకండరీలో కరెంటు తిన్నగా పారదు, ఓల్టేజ్ కొనకు చేరినప్పుడు మాత్రమే గుటకలు గుటకలుగా పారుతుంది. అలాంటప్పుడు చుట్టలో ఆర్ఎంఎస్ కరెంటు (వేడి పుట్టించే లెక్కలో కరెంటు) డీసీకి సుమారు 1.6 రెట్లు. మీ 300 అక్కడ 480. చుట్టలో వేడి మీరనుకున్నదానికి రెండున్నర రెట్లు. ఓల్టేజ్ డబ్లర్ అయితే డీసీకి మూడు రెట్ల పైనే, అందుకే డబ్లర్‌కు లావు వైరుతో ప్రత్యేకంగా చుట్టించుకోవాలి. రెక్టిఫైయర్ తర్వాత మంచి చోక్ (ఇనుప కోర్ మీద చుట్టిన కాయిల్) పెడితే ఆర్ఎంఎస్ కరెంటు దాదాపు డీసీ దగ్గరికే వస్తుంది. ఓల్టేజ్ తగ్గుతుంది, చోక్ బరువు మోయాలి, కానీ ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి పీల్చుకుంటుంది.

ఎస్ఎస్‌బీలో (మాట్లాడే పద్ధతి) ఏం లేదు, ఎఫ్‌టీ8 (కంప్యూటర్ పంపే డిజిటల్ సంకేతాలు) మొదలుపెట్టగానే వాసన వస్తోంది.

మాటల మధ్య సందులుంటాయి, ఆ సందుల్లోనే చుట్ట చల్లబడుతుంది. ఎఫ్‌టీ8లో ప్రతి 15 సెకన్ల స్లాట్‌లో 12.64 సెకన్లు ఆగకుండా ఫుల్ క్యారియర్. ఒక స్లాట్ పంపి ఒక స్లాట్ విన్నా, పిలుస్తూ కూర్చుంటే గంటలో 42 శాతం సమయం ఫుల్ లోడే. పవర్ సగానికి తగ్గించండి. ఎఫ్‌టీ8కు అసలు లీనియర్ ఎందుకు అని నా అభిప్రాయం, కానీ అది వేరే తగువు.

ఫ్యాన్ ఎంతది పెట్టాలి? ఎక్కడ పెట్టాలి?

పైన చెప్పినవి సరిచేశాకే ఫ్యాన్ గురించి మాట్లాడుకుందాం. పుట్టిన వేడిని తరమడం కంటే పుట్టకుండా చూడటం చవక.

లెక్క ఇలా వేయండి. డబ్బాలో పుట్టే వాట్లను 3.2తో గుణించి, గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే సరే అనుకుంటున్నారో దానితో భాగిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ది 60 వాట్లు. ఇక్కడ బ్లీడర్‌ను మరిచిపోతారు అందరూ. 1500 ఓల్టుల మీద 50 కిలోఓం బ్లీడర్ అంటే 45 వాట్లు, అంటే ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ అంత వేడి. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ కింద బిగించినవాళ్లను చూశాను, పొయ్యి మీద కుండ పెట్టినట్టే. మొత్తం 105 వాట్లు, 8 డిగ్రీలు చాలు అనుకుంటే గంటకు 42 ఘనపు మీటర్లు, అంటే 25 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). డబ్బా మీద 75 సీఎఫ్ఎం అని రాసి ఉన్న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, జాలీ అడ్డం పెట్టాక సగం కూడా ఇవ్వకపోవచ్చు. అయినా సరిపోతుంది.

నేనైతే ఫ్యాన్ గాలిని లోపలికి తోసేలా కింద పెడతాను, ఎదురు వైపు పైన బయటికి దారి వదులుతాను. గాలి నేరుగా చుట్టకూ కోర్‌కూ మధ్య సందుల్లోకి పోవాలి. ఇనుము మీదికి ఊదితే బయట చల్లగా కనిపిస్తుంది, రాగి మాత్రం ఉడుకుతూనే ఉంటుంది. లోపలికి తోస్తే ఇంకో లాభం, ఫ్యాన్ బేరింగు చల్లటి గాలిలో తిరుగుతుంది, వచ్చే గాలంతా ఒకే ఫిల్టర్ గుండా వస్తుంది. 12 ఓల్టుల ఫ్యాన్‌ను 8, 9 ఓల్టుల మీద నడిపితే చప్పుడు తగ్గుతుంది. ట్యూబుల వేడి గాలి దారి వేరు, దీని దారి వేరు. వీలైతే పవర్ సప్లై డబ్బానే వేరుగా కట్టి టేబుల్ కింద పెట్టుకోండి.

గదిలో ఎయిర్ కూలర్ ఉంది. దాని ముందు పెట్టేస్తే?

గదిలో కూలర్ తిప్పుకోండి, మీకూ మంచిదే. డబ్బా మీదికి నేరుగా మాత్రం వద్దు. మన బోరు నీళ్లతో రెండు నెలలు నడిచిన కూలర్ గడ్డి ఎలా తెల్లగా గట్టిబడుతుందో చూశారుగా. గాలితో పాటు ఎగిరే తుంపరలో ఆ ఉప్పు ఉంటుంది. అది దుమ్ముతో కలిసి హెచ్‌టీ టెర్మినల్ బోర్డు మీద పొరలా కడితే, ఒక రాత్రి నీలంగా చిటపటలాడి బోర్డు మీద నల్లటి చారలు పడతాయి. అలా చార పడిన బోర్డును తుడిస్తే లాభం లేదు, పారేసి కొత్తది వేయాలి.

పొలాల్లో గద్దె మీద ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యాన్ లేదు కదా, నూనెలోనే ఉంటుంది. మనమూ నూనెలో ముంచితే?

మునిగితే చల్లబడుతుంది, అందులో అనుమానం లేదు. నూనె సందుసందుకూ పోయి వేడిని డబ్బా గోడకు తెస్తుంది, ఇన్సులేషన్ కూడా అవుతుంది. కానీ పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఆరుబయట ఉంటుంది, మీది పడకగది పక్కన. నూనె ఖనిజ నూనె, అంటుకుంటుంది.

అయినా చేస్తానంటే: ఐఎస్ 335 ప్రకారం చేసిన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలే కొనండి. వంట నూనె, ఇంజిన్ ఆయిల్ మాట ఎత్తొద్దు. వేడికి నూనె ఉబ్బుతుంది, 60 డిగ్రీలకు నాలుగు శాతం పైన, కాబట్టి పైన ఖాళీ ఉంచాలి. తేమ చేరితే ఓల్టేజ్ తట్టుకునే శక్తి పడిపోతుంది, సిలికా జెల్ బ్రీదర్ పెట్టి నీలం రంగు పోగానే మార్చాలి. లోపల పీవీసీ స్లీవులు ఉండకూడదు, నూనెలో అవి గట్టిబడి పగులుతాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనె ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. చాలా పాతదైతే పీసీబీ అనే విషం ఉండొచ్చు. కొత్తదైతే అది ఏ రైతు పొలంలోంచి రాత్రికి రాత్రి ఖాళీ చేసిందో ఎవరికి తెలుసు?

నాలుగు వందల వాట్ల స్టేషన్‌కు నూనె అనవసరం.

మోటార్ వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చా?

చుట్టించుకోవచ్చు, పక్కన కూర్చోగలిగితే. మన పట్టణాల్లో బోరు మోటార్లు చుట్టే మేస్త్రీల చేతివాటం గొప్పది. కానీ వాళ్లకు అలవాటైంది 415 ఓల్టులు. పొరపొరకూ కాగితం వేయమంటే, "బోరు మోటరుకే లేదు సార్, దీనికేంది" అంటారు. వేయించండి.

నాది చెబుతాను. రెండు 811ఏ ట్యూబుల లీనియర్‌కు ప్రైమరీ 17 గేజిలో చుట్టమని కాగితం మీద రాసిచ్చి వచ్చాను. ఆ షాపు పేరు అనవసరం. తెచ్చుకున్నాక లోడ్ మీద ఓల్టేజ్ వాలిపోతోంది, గంటకే వేడి. వారం రోజులు డయోడ్లు, కెపాసిటర్లు మార్చాను. చివరికి బయటికి తీసిన ప్రైమరీ కొసను బ్లేడుతో గీకి స్క్రూ గేజి పెట్టాను. 1.42 మిల్లీమీటర్లు రావాలి, 1.02 చూపించింది. అంటే 19 గేజి. మందంలో తేడా చిన్నదే, కానీ రాగి దాదాపు సగం, రెసిస్టెన్స్ రెట్టింపు. అడిగితే "17 అయిపోయింది సార్, బాబిన్‌లో కూడా పట్టలే" అన్నాడు. అప్పటి నుంచి చుట్టకముందు వైరు రీలు మీద స్క్రూ గేజి నేనే పెడుతున్నాను. మన ఎండకు చదరపు మిల్లీమీటరుకు రెండు ఆంపియర్ల చుట్టూ ఉండేలా వైరు ఎంచుకోండి. బాబిన్‌లో పట్టకపోతే కోర్ పెద్దది తీసుకోవాలి, వైరు సన్నం చేయకూడదు.

వార్నిష్ గురించి. బ్రష్‌తో పైన పూస్తే అది మెరుపుకే. చుట్టను ముందు వేడి చేసి, బుడగలు ఆగేదాకా ముంచి, కారనిచ్చి, కాల్చాలి. లోపల గాలి సందులు పోతేనే వేడి బయటికి వస్తుంది. చిన్న షాపుల్లో డ్రమ్ములో రెండు 200 వాట్ల బల్బులు వేలాడదీసి రెండు రోజులు ఉంచుతారు. మొరటుగా కనిపించినా పని జరుగుతుంది.

మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ పాత సామాన్ల దుకాణంలో దొరికింది.

ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన సరుకు అది. కోర్ శాచురేషన్ అంచున ఉంటుంది, ఫ్యాన్ గాలి ఉంటుందన్న భరోసాతో చేసింది. లోడ్ లేకుండానే కాలుతుంది. సెకండరీ ఒక కొస కోర్‌కే కలిపి ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు బ్రిడ్జ్ పెట్టలేరు. రెండింటిని ప్రైమరీలు సిరీస్‌లో వేసి నడిపితే కోర్ చల్లబడుతుంది, ఓల్టేజ్ కూడా సగమవుతుంది. ప్రయోగాలకు సరే. అది ఒక్కసారి ముట్టుకుంటే రెండోసారి ఉండదు, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు.

టోరాయిడ్ (గారెలా గుండ్రటి కోర్ ఉన్నది) చల్లగా ఉంటుందంటారు?

కోర్ నష్టం తక్కువే. బిగింపు దగ్గర జాగ్రత్త. మధ్య బోల్టు కిందా పైనా రెండు వైపులా చాసీకి తగిలితే అది షార్ట్ అయిన ఒక చుట్టు అవుతుంది. స్విచ్ వేయగానే వందల ఆంపియర్లు పారతాయి. పై కొస ఎక్కడా తగలకూడదు.

థర్మల్ కటౌట్ ఏది, ఎక్కడ?

మామూలుగా కలిసి ఉండి వేడికి విడిపోయే బైమెటల్ రకం, 90 డిగ్రీలది. చుట్ట పైపొరకు తగిలేలా టేపుతో బిగించి, మెయిన్ కాంటాక్టర్ (మెయిన్ కరెంటును కలిపే పెద్ద రిలే) కాయిల్‌కు సిరీస్‌లో వేయండి. హెచ్‌టీ వైపు కాకుండా ప్రైమరీ ఉన్న వైపు. ఫ్యాన్ చెడిపోతే మనకు తెలియదు, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటాం.

శుభ్రం ఎన్నాళ్లకు?

మామూలు ఇళ్లలో ఆరు నెలలకు. మిర్యాలగూడ రైసు మిల్లుల పక్కన ఉండేవాళ్లు నెలకోసారి ఫిల్టర్ దులపాలి, ఊక దుమ్ము జాలీని దుప్పటిలా మూసేస్తుంది. చలికాలంలో వెచ్చదనానికి బల్లులు చేరతాయి. ఒక డిసెంబరు రాత్రి నా ఫ్యూజు ఎగిరితే మూత తీసి చూశాను. హెచ్‌టీ టెర్మినల్‌కూ చాసీకీ మధ్య ఒక బల్లి చాచినట్టు మాడి ఉంది, తోక చాసీ వైపు. ప్రతి రంధ్రానికీ సన్న జాలీ వేయండి. అయితే జాలీ వేసిన ప్రతిసారీ రంధ్రం పెద్దది చేయాలి, లేదంటే గాలి తగ్గుతుంది.

ఎంత పవర్ వరకు కట్టుకోవచ్చు?

మీ లైసెన్సులో ఉన్నంతే. జనరల్ గ్రేడ్‌కు హెచ్ఎఫ్‌లో 400 వాట్లు, రిస్ట్రిక్టెడ్‌కు 50. రిస్ట్రిక్టెడ్ వాళ్లకు ఈ పేజీ మొత్తం అవసరమే లేదు.

కాలిన వాసన వచ్చి ఆపేశాను. మళ్లీ వేసి చూడనా?

చూడొద్దు. ప్లగ్గు పీకి, హెచ్‌టీ షార్ట్ చేసి, పూర్తిగా చల్లబడేదాకా వదిలేయండి. మర్నాడు రెక్టిఫైయర్ వైర్లు ఊడదీసి, 1000 ఓల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) సెకండరీకీ కోర్‌కూ, సెకండరీకీ ప్రైమరీకీ మధ్య చూడండి. వందల మెగాఓంలు ఉంటే సెకండరీని తెరిచి ఉంచి, ప్రైమరీకి సిరీస్‌లో 100 వాట్ల పాత బల్బు వేసి కరెంటు ఇవ్వండి. బల్బు మసకగా ఉంటే చుట్టల్లో షార్ట్ లేనట్టే, ఏ లోడ్ వల్ల కాలిందో వెతకొచ్చు. బల్బు నిండుగా వెలిగితే స్క్రూ గేజి జేబులో వేసుకుని షాపుకు బయల్దేరండి.